కొనుక్కున్న బిరుదు, చేసిన పని
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా హైదరాబాదులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ కార్యదర్శి గారికి, పాఠక మిత్రులకు, కుర్చీలు చాలక వెనుక నిలబడిన విద్యార్థులకు నమస్కారం. 'గ్రంథాలయాలు – నేటి యువత' అనే అంశం మీద మాట్లాడమని నన్ను కోరారు. ఆ విషయానికి తప్పక వస్తాను. అయితే నన్ను పరిచయం చేసిన మిత్రులు నా పేరుకు ముందు 'డాక్టర్' అన్నారు. నేను వైద్యం చదవలేదు, పిహెచ్.డి. చేయలేదు. వారు గౌరవంతోనే అన్నారు, వారి మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట వినగానే సభలో చప్పట్లు మోగాయి కనుక, చాలాకాలంగా మనసులో ఉన్న బాధను ఇవాళ చెప్పకుండా ఉండలేను.

కిందటి ఏడాది ఒక సంస్థ వారు నాకు ఫోన్ చేశారు. నా సాహిత్య సేవకు గుర్తింపుగా గౌరవ డాక్టరేట్ ఇస్తామని, నగరంలో ఒక పెద్ద హోటల్లో స్నాతకోత్సవం ఉంటుందని, గౌను, టోపీ, శాలువా, జ్ఞాపిక, ఫోటోలు అన్నీ తామే చూసుకుంటామని, రిజిస్ట్రేషన్ ఖర్చుల కింద కొంత సొమ్ము మాత్రం నేను పంపాలని ఎంతో మర్యాదగా చెప్పారు. నేను రాసినవాటిలో ఏది చదివారని అడిగాను. బయోడేటా వాట్సాప్‌లో పంపితే చాలన్నారు. నాకు అక్కరలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇది నా ఒక్కడి చిరాకు అనుకోకండి. 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ ప్రకారం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, విశ్వవిద్యాలయ హోదా పొందిన 'డీమ్డ్' సంస్థలు, పార్లమెంటు చట్టం ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీలు ఇవ్వాలి. ఆ హద్దు దాటినవారికి 24వ సెక్షన్ విధించే జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. ఈ రోజుల్లో ఆ వెయ్యి ఎవరిని ఆపగలదు? పద్మ పురస్కారాలను, చివరకు భారతరత్నను సైతం పేరుకు ముందు గాని వెనుక గాని తగిలించుకోరాదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. భారతరత్నకే లేని వెసులుబాటు హోటల్ హాల్లో డబ్బు కట్టి తెచ్చుకున్న కాగితానికి ఎక్కడిది?

ఆ కాగితం కొనేవారంతా మోసగాళ్లని నేను అనను. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠం చెప్పి, పద్యాలు రాసుకుని, ఇంట్లోవారు కూడా వినక, ఒక్కసారైనా వేదిక ఎక్కాలన్న ఆశతో పింఛను సొమ్ము కట్టినవారిని నేనెరుగుదును. చేసిన పనిని చదివి, ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెప్పేవారు లేని చోటనే ఈ వ్యాపారం సాగుతుంది. మళ్లీ చెబుతున్నాను, చదివేవారు లేని చోటనే సాగుతుంది. అందుకే ఈ మాట గ్రంథాలయంలో చెబుతున్నాను.

విద్యార్థులారా, మన నగరంలోనే జరిగిన సంగతి ఒకటి వినండి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ఒక పండితుడు తేల్చేసినప్పుడు, 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం ప్రతాపరెడ్డి గారు జిల్లాజిల్లా నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చు వేయించారు. ఆ తరువాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి, వచ్చినవాటిని సరిచూసి, అచ్చుకు సిద్ధం చేయడం ఎంత చాకిరో పత్రికాఫీసులో పనిచేసినవారికి తెలుస్తుంది. పత్రికలో ఆయన ఎన్నో రచనలు మారుపేర్లతో చేశారు. తన పేరు కనిపించాలన్న తహతహ ఉన్న మనిషి అలా చేస్తాడా? ఆయన 1953లో కన్నుమూశారు. ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో వచ్చింది. ఆ పుస్తకం రాసేటప్పుడు ఆయన ముందు ఏ సన్మానమూ లేదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు కూడా ఇలాగే, ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతిలో 1925 నుంచి నిలిచి ఉంది. లెక్క సరిగ్గా వచ్చింది గనుకనే ప్రయోగశాలలవారు ఆ పద్ధతిని వాడుకున్నారు.

ఇక యువత సంగతి. చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో తెల్లవారుతూనే కుర్చీ కోసం వచ్చే ఉద్యోగార్థులను చూడండి. రేపు వారి జవాబు పత్రాన్ని దిద్దేవారికి వారి మెడలో ఎన్ని దండలు పడ్డాయో తెలియదు, తెలియనక్కరలేదు. మన సాహిత్య సభలకు ఆ పద్ధతి ఎందుకు పనికిరాదు? సంస్థల నిర్వాహకులారా, చేతులు జోడించి అడుగుతున్నాను: సన్మాన పత్రం రాసేముందు ఆ మనిషి రాసిన ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదవండి. చదివాక సన్మానించాలనిపించకపోతే మానుకోండి.

చివరిగా ఒక ప్రతిపాదన. వచ్చే ఏడాది వారోత్సవాలలో శాలువాలకు, జ్ఞాపికలకు కేటాయించే సొమ్మంతా ఈ గ్రంథాలయంలో అట్టలూడిపోయిన పాత పత్రికల బైండింగుకు వాడాలని కోరుతూ ఒక అర్జీ రాసి తెచ్చాను. నా సంతకం చేశాను. దానిని కార్యదర్శి గారి బల్ల మీద ఉంచుతున్నాను. సమ్మతించినవారు ఇళ్లకు వెళ్లేముందు సంతకాలు చేయండి.