వత్తులు తెగని తెలుగు సైట్: థీమ్‌లో చిన్న చిన్న సీఎస్‌ఎస్ మార్పులు

తెర: వర్డ్‌ప్రెస్ సైట్. 'స్త్రీ' అనే మాటతో రెండు వరుసల శీర్షిక.

గొంతు: ఈ 'స్త్రీ'ని దగ్గరగా చూడండి. స కింద త వత్తు, దానితోపాటు ర వత్తు, పైన గుడి దీర్ఘం. అన్నీ ఒకే అక్షరంలో. ఇంగ్లిష్‌కి ఇంత ఎత్తు అక్కర్లేదు కాబట్టి చాలా థీమ్‌లలో, అంటే సైట్ రూపాన్ని నిర్ణయించే రెడీమేడ్ డిజైన్లలో, శీర్షికల లైన్-హైట్ (వరుస ఎత్తు) అక్షరం సైజుకు 1.1 రెట్ల దగ్గరే ఉంటుంది. అక్షరం సైజు 40 పిక్సెల్స్ అయితే వరుసకు దక్కేది 44. దాంతో పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. పోస్టుల కార్డులకు ఓవర్‌ఫ్లో హిడెన్, అంటే హద్దు దాటినదాన్ని దాచేయమనే విలువ, పెట్టి ఉంటే ఇంకా నష్టం. చివరి వరుసలో వత్తు తెగి 'భక్తి' కాస్తా 'భకి' అవుతుంది.

తెర: డ్యాష్‌బోర్డ్.

గొంతు: దీన్ని సరిచేసేది సీఎస్‌ఎస్‌తో, అంటే పేజీ ఎలా కనిపించాలో చెప్పే భాషతో. అది రాసే చోటు, పాత తరహా థీమ్ అయితే అప్పియరెన్స్, కస్టమైజ్, అడిషనల్ సీఎస్‌ఎస్. 2016లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 4.7 నుంచీ ఈ పెట్టె ఉంది. బ్లాక్ థీమ్ (సైట్ మొత్తాన్నీ ఎడిటర్‌లోనే దిద్దుకునే కొత్త తరహాది) అయితే ఎడిటర్‌లో స్టైల్స్ తెరిచి, మూడు చుక్కలు నొక్కితే అదే పెట్టె దొరుకుతుంది. థీమ్ ఫోల్డర్‌లోని స్టైల్ ఫైల్ జోలికి మాత్రం వెళ్లకండి. థీమ్ అప్‌డేట్ కాగానే మీరు రాసిందంతా పోతుంది.

తెర: శీర్షిక మీద రైట్ క్లిక్, ఇన్‌స్పెక్ట్.

గొంతు: స్టైల్స్ ప్యానెల్‌లో లైన్-హైట్ ఏ క్లాస్ (ఆ భాగానికి థీమ్ పెట్టిన గుర్తు) పేరు కింద ఉందో చూసి, ఆ పేరే వాడండి. ఉత్త హెచ్2 (శీర్షిక ట్యాగ్) అని రాస్తే థీమ్ క్లాస్ దాన్ని కొట్టేస్తుంది, ప్యానెల్‌లో మీ లైన్ మీద అడ్డగీత కనిపిస్తుంది. అలాగని వెంటనే ఇంపార్టెంట్ (మిగతా రూల్స్‌ని తొక్కేసే !important అనే మాట) తగిలించకండి, తర్వాత మార్చాలన్నా అదే అడ్డొస్తుంది. ముందు ఆ ప్యానెల్‌లోనే 1.1ని 1.5 చేసి చూడండి. రిఫ్రెష్ చేస్తే పోయే మార్పే, భయం లేదు. బాగుంటే పెట్టెలో రాసి పబ్లిష్ నొక్కండి. శీర్షికలకు 1.5, పేరాలకు 1.7 నుంచి 1.8 చూడ్డానికి హాయిగా ఉంటుంది. పక్కన పిక్సెల్స్ అని రాయొద్దు. అంకె ఒక్కటే ఉంటే అక్షరం సైజుతో పాటు వరుస ఎత్తూ పెరుగుతుంది.

తెర: లెటర్-స్పేసింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) మైనస్ 0.02 ఈఎం, అంటే అక్షరం సైజులో 0.02 వంతు తక్కువ, ఉన్న శీర్షిక.

గొంతు: ఇంగ్లిష్‌ని బిగువుగా చూపడానికి పెట్టిన విలువ ఇది. తెలుగులో పక్కకి సాగే య వత్తు పక్క అక్షరాన్ని తాకుతుంది. నార్మల్ అని మార్చేయండి. ఇటాలిక్ కూడా తీసేయడం మంచిది. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ రూపం దాదాపు ఉండదు, బ్రౌజర్ నిటారు అక్షరాన్నే పక్కకి వంచి చూపిస్తుంది.

ఫాంట్ వరసలో థీమ్ ఇంగ్లిష్ ఫాంట్ ముందు, తెలుగు ఫాంట్ తర్వాత. మొదటి ఫాంట్‌లో లేని అక్షరాన్ని బ్రౌజర్ రెండోదాంట్లో వెతుక్కుంటుంది. తిరగేసి రాస్తే ఇంగ్లిష్ మాటలు కూడా తెలుగు ఫాంట్‌లోని రూపంతోనే వస్తాయి. మందం విషయంలోనూ జాగ్రత్త. మండలి అనే తెలుగు ఫాంట్‌లో ఒకే మందం ఉంది, బోల్డ్ అడిగితే బ్రౌజర్ అద్దిన బోల్డే వస్తుంది, వత్తుల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. శీర్షికలకు నోటో సాన్స్ తెలుగు నయం, 100 నుంచి 900 దాకా అసలు మందాలున్నాయి.

తెర: సెమీకోలన్ లేని లైన్.

గొంతు: రాశాక ఏమీ మారలేదా? లైన్ చివర సెమీకోలన్ చూడండి. అది లేకపోతే ఆ లైన్, దాని కింది లైన్ కలిసిపోయి రెండూ చెల్లవు. రాత సరిగ్గానే ఉంటే క్యాష్ ప్లగిన్ (పేజీల పాత కాపీలు దాచి చూపించేది) ఖాళీ చేసి, ప్రైవేట్ విండోలో తెరవండి. ఆపైన ఫోన్‌లో చూడండి. పొడుగు శీర్షిక అక్కడ మూడు, నాలుగు వరుసలవుతుంది, వత్తులు తగులుకుంటున్నాయా లేదా అన్నది తేలేది అక్కడే.