చలి ప్రాంతంలో కాబ్ గ్రీన్‌హౌస్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: తర్వాతి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మా దగ్గర చలి బాగా ఎక్కువ. శీతాకాలంలో నేల కూడా గడ్డకట్టుకుపోతుంది. పెరట్లో కాబ్‌తో, అంటే బంకమట్టి, ఇసుక, ఎండుగడ్డి కలిపి తొక్కిన అడుసుతో, ఆకుకూరలు పెంచుకోవడానికి చిన్న గ్రీన్‌హౌస్ షెడ్డు కట్టుకుందామనుకుంటున్నాం. గోడ రెండడుగుల మందం పెడితే లోపలికి చలి రాదు కదా సార్?

నిపుణుడు: నమస్తే అమ్మా. చాలామంది అలాగే అనుకుంటారు. మట్టిగోడ వేడిని దాచుకుంటుంది గానీ ఆపలేదు. పగలు తాగిన ఎండను రాత్రి మెల్లగా వదులుతుంది. అందులో కొంత లోపలికొస్తుంది, మిగతాది బయటికే పోతుంది. అందుకే గోడకు బయటివైపు దుప్పటి కప్పినట్టు గడ్డి మోపులో, బంకమట్టి నీళ్లలో ముంచిన వదులు గడ్డో ఓ పొర వేయాలి. అంతే మందానికి గడ్డి మట్టికంటే ఎన్నో రెట్లు బాగా వేడిని ఆపుతుంది. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ యూనివర్సిటీ, ఫ్రాన్స్ వాళ్లతో కలిసి చేసిన కాబ్‌బోజ్ ప్రాజెక్టులో కూడా బరువైన కాబ్ ఒక పొర, తేలికపాటిది ఒక పొర కలిపే కట్టారు.

కాలర్: మరి అద్దాలు ఎటు పెట్టాలి?

నిపుణుడు: మీరు భూమధ్యరేఖకు ఉత్తరాన ఉంటే దక్షిణం వైపు. అద్దాల్లోంచి వచ్చే ఎండ ఎదురుగా ఉన్న ఉత్తరపు కాబ్ గోడ మీద పడాలి. దానికి అడ్డంగా అరలు పెట్టి కుండీలతో నింపేశారనుకోండి, గోడ కట్టీ లాభం లేదు.

కాలర్: మావారేమో గోడ మీద సిమెంటు పూత వేద్దామంటున్నారండీ.

నిపుణుడు: వద్దని చెప్పండమ్మా, నా మాటగా చెప్పండి! గ్రీన్‌హౌస్‌లో గాలి ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. సిమెంటు పగుళ్లలోంచి దిగిన నీళ్లు మళ్లీ బయటికి రాలేవు. గడ్డకట్టినప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, దాంతో పూత పెచ్చులుగా ఊడుతుంది, లోపలి మట్టి మెత్తబడుతుంది. సున్నం పూత వేయండి, అదీ మంచు కురవని రోజుల్లో. కింద అడుగున్నర ఎత్తు రాతి కట్టుబడి, పైన వెడల్పాటి చూరు ఉండాలి. పునాది నేల గడ్డకట్టే లోతుకంటే దిగాలి, నీరు నిలవకుండా కంకర నింపాలి.

యాంకర్: మట్టి పాళ్లు ఎలా తెలుస్తాయి సార్?

నిపుణుడు: బంకమట్టి ఒక పాలు, ఇసుక ఒకటి, రెండు, మూడు పాళ్లు చొప్పున మూడు ఇటుకలు చేసి నీడన ఆరబెట్టండి. పగిలితే బంక ఎక్కువైనట్టు. వేలితో రుద్దితే పొడి రాలితే ఇసుక ఎక్కువైనట్టు. రెండూ లేనిది తీసుకుని, ఎండుగడ్డి వేసి అడుసు బాగా తొక్కండి.

కాలర్: ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

నిపుణుడు: చలి తగ్గి నేల కరగగానే. ముందు స్తంభాల మీద కప్పు వేసేసుకుంటే గోడ దాని కిందే ఆరుతుంది. మందపాటి గోడ ఆరడానికి నెలలు పడుతుంది. తడి ఉండగా గడ్డకట్టిందా, పైపొర పిండిలా రాలిపోతుంది. ఈ సీజన్‌లో పూర్తికాకపోతే గోడ తల మీద టార్పాలిన్ కప్పి ఆపేయండి.

కాలర్: అయితే ఈ శీతాకాలానికి ఆకుకూరలు లేనట్టేనా?

నిపుణుడు: గోడ తడిగా ఉంటే లేనట్టేనమ్మా.

యాంకర్: సరేనమ్మా, థాంక్స్. మరో కాలర్ లైన్‌లో ఉన్నారు.