చెరువు మట్టి ఎవరు తోలిస్తారు?

శ్రోతలకు నమస్కారం.

వేసవిలో గుంటూరు చుట్టుపక్కల పల్లెలకు వెళ్తే చెరువు మట్టి తోలే ట్రాక్టర్లు ఎదురవుతాయి. ఒకసారి తోలిస్తే ఆ సత్తువ రెండు మూడు పంటల దాకా ఉంటుంది. అయితే తోలించేది ఎక్కువగా సొంత పొలం ఉన్నవారే. కౌలు రైతుకు మట్టి విలువ తెలియక కాదు. ఎకరాకు రెండు బస్తాలు ఎక్కువ ఇస్తానని ఇంకొకరు వస్తే వచ్చే ఏడు ఆ చేను వారిదే. తన ఖర్చుతో బలపడిన నేలలో మరొకరు దిగుబడి తీస్తారు.

చట్టం లేదా అంటే, ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టాన్ని 1974లో సవరించి కౌలు గడువు కనీసం 6 ఏళ్లు ఉండాలన్నారు. ఆ ఆరేళ్లే ఆసాములను భయపెట్టాయి. కాగితం రాస్తే పొలం చేజారుతుందని రాయడమే మానేశారు. నోటిమాట కౌలు నిలబడిపోయింది. 2019 చట్టం గడువును 11 నెలలకు కుదించి, హక్కు పంట మీదే తప్ప భూమి మీద కాదని తేల్చిచెప్పింది. అయినా ఆ చట్టం కింద కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు కార్డుకు ఆసామి సంతకం కావాలి. సంతకం అడిగితే ఉన్న కౌలూ పోతుందేమోనని రైతు నోరు మెదపడు.

చేతిలో ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్న పొలానికే కాదు, పదవులకూ ఉంది. అక్కడా ఏళ్ల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. గవర్నర్ పదవీకాలం 5 ఏళ్లు, కానీ రాష్ట్రపతి విశ్వాసం ఉన్నంతవరకే. హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లు నిండేదాకా ఉంటారు. పార్లమెంటు అభిశంసిస్తే తప్ప పదవి నుంచి తొలగించలేరు. అలాగని కదలని పదవులన్నీ మంచివని కాదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే కరణీకాన్ని 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసినప్పుడు ఊళ్లలో బాధపడినవారికంటే ఊపిరి పీల్చుకున్నవారే ఎక్కువని నా అభిప్రాయం.

ఇక చదువుల సంగతి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ రాస్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడి మాటలు సంస్థాపకురాలు జేన్ స్టాన్‌ఫర్డ్‌కు నచ్చలేదు. 1900లో ఆయన ఉద్యోగం పోయింది. ఆసియా వలసల మీద ఆయన అన్న మాటలు మనకూ నచ్చవు, అది వేరే విషయం. ఇలాంటి అనుభవాల తర్వాత, 1940లో అమెరికా అధ్యాపకుల సంఘం, కళాశాలల సంఘం కలిసి ఒక ప్రకటన చేశాయి: ఉద్యోగంలో పరీక్షాకాలం (ప్రొబేషన్) 7 ఏళ్లు దాటకూడదు, అది ముగిశాక తగిన కారణం చూపకుండా తొలగించకూడదు. దాన్నే అక్కడ టెన్యూర్ అంటారు.

మన దగ్గర రెగ్యులర్ ఆచార్యుడికి ప్రొబేషన్ దాటితే విరమణ దాకా ఢోకా లేదు. పక్క గదిలోని ఒప్పంద అధ్యాపకుడు మాత్రం ఏటా పొడిగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూడాలి. అందుకే ఏడాదిలో ముగిసే పనే ఎత్తుకుంటాడు: సిలబస్ పూర్తి చేస్తాడు, పేపర్లు దిద్దుతాడు. ఏళ్లు పట్టే పరిశోధన జోలికి పోడు. పరిశోధన లేదని నిలదీసే అధికారులు, ముందు ఆ ఉత్తర్వును ఐదేళ్లకు ఇచ్చి చూడాలి.