ఆ ఇసుక ఖాళీగా లేదు: గోల్ఫ్ కోర్సులు, ఎర్రమట్టి దిబ్బలు, పైనుంచి చూసిన మన తీరం

[తెర మీద: స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ తీరం, పైనుంచి]

నమస్కారం. ఈ దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఊరు, మధ్యలో ఎత్తుపల్లాల పచ్చిక. ప్రపంచంలో చాలా పేరున్న గోల్ఫ్ కోర్సుల్లో ఇదొకటి, పేరు ఓల్డ్ కోర్స్. ఇలాంటి వీడియో బయటికి వచ్చిందంటే మన విశాఖ వాళ్ల నోట ఒక మాట తప్పకుండా వస్తుంది. "భీమిలి రోడ్డులో అంత ఇసుక నేల ఖాళీగా పడి ఉంది కదా, మనమూ ఇలాంటిది కట్టుకోవచ్చు కదా" అని. ఊరు బాగుపడాలనే అంటారు, మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ ఒక్క మాటలో రెండు తప్పులున్నాయి. అది విన్న ప్రతిసారీ నాకు మనసు ఊరుకోదు. అక్కడున్నది ఎవరో కట్టింది అనుకోవడం ఒక తప్పు. ఇక్కడున్నది ఖాళీ అనుకోవడం రెండోది.

గోల్ఫ్ ఎలా ఆడతారో మీకు తెలుసు, దాని జోలికి పోను. నేల సంగతి చెప్తాను.

[తెర మీద: ఇసుక తీరం, దగ్గరగా]

మన ఇళ్లలో చీటీ కట్టని వాళ్లు అరుదు. ఇసుక తీరాన్ని అలాంటి ఒక చీటీ అనుకోండి. అలలు నెమ్మదిగా ఉన్న నెలల్లో సముద్రం ఇసుక తెచ్చి ఒడ్డున వేస్తుంది. అది నెలవారీ వాయిదా. ఎండకి పైపొర ఆరుతుంది, గాలి దాన్ని లోపలికి తోస్తుంది. ఒక ఇసుక రేణువు ఎగిరి కాస్త దూరంలో పడుతుంది, పడిన చోట ఇంకో రేణువును లేపుతుంది. దారిలో ఒక తీగ అడ్డం వస్తే చాలు, అక్కడ ఆగుతుంది. మన బీచ్‌ల మీద ఊదారంగు పూలు పూసే బాలబంద తీగ, ముళ్ల బంతుల్లాంటి గింజల గుత్తులు గాలికి దొర్లుకుంటూ పోయే రావణాసురుడి మీసాలు, ఈ రెండూ చేసేది ఆ పనే. ఇసుక మీద పడుతుంటే అవి చచ్చిపోవు, ఇంకాస్త పైకి పాకుతాయి. అవి పాకేకొద్దీ దిబ్బ లేస్తుంది. అదే పోగైన సొమ్ము.

ఇక తుఫాను వచ్చినప్పుడు సముద్రం చీటీ ఎత్తుకుంటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీదే తీరం దాటింది కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు. పెద్ద అల దిబ్బ మొదలును కోసి, ఆ ఇసుకను సముద్రంలోకి లాక్కెళ్లి, ఒడ్డుకు కాస్త దూరంలో నీటి కింద మెట్టగా పరుస్తుంది. తర్వాత వచ్చే అలలు ఆ మెట్ట మీదే విరిగిపోతాయి, ఒడ్డు దాకా వచ్చేసరికి వాటికి బలం ఉండదు. అంటే ఎత్తుకున్న సొమ్ము కూడా ఇంటి అవసరానికే ఖర్చయింది. ఆ తర్వాత నెలల తరబడి మళ్లీ వాయిదాలు పడుతూ వస్తాయి. ఈ లెక్క నడుస్తున్నంత కాలం తీరం తీరంలా ఉంటుంది. దిబ్బ ఏ పనీ లేకుండా పడి ఉన్నట్టు కనిపించేది మనకే. బ్యాంకులో ఉన్న డబ్బు చూసి, ఇది వాడట్లేదు కదా అని ఎవరూ తీసుకెళ్లరు కదండీ!

[తెర మీద: మళ్లీ సెయింట్ ఆండ్రూస్]

ఇప్పుడు ఈ నేలను చూడండి. మంచుయుగం ముగిశాక హిమానీనదాలు వదిలేసిన ఇసుక, కంకర సముద్రంలోకి చేరాయి. మంచు బరువు తగ్గడంతో అక్కడి భూమి మెల్లగా పైకి లేచింది. ఒకప్పటి బీచ్‌లు ఒడ్డుకు లోపల, కాస్త ఎత్తున మిగిలిపోయాయి. గాలి వాటి మీద దిబ్బలు పోసింది. అక్కడి చల్లదనానికి, ఏడాది పొడుగునా పడే సన్న జల్లులకి వాటి మీద సన్నటి గడ్డి పట్టింది. సముద్రానికీ పొలాలకీ మధ్య ఇలా మిగిలిన ఇసుక నేలల్నే లింక్స్ అంటారు. పంటకు పనికిరావు కాబట్టి గొర్రెలు మేశాయి, కుందేళ్లు బొరియలు తవ్వుకున్నాయి. అవే గడ్డిని నేలకంటా కొరికి పొట్టిగా ఉంచాయి. గాలికి తట్టుకోలేక గొర్రెలు ఒదిగి పడుకున్న గుంటలే తర్వాత బంకర్లు, అంటే ఆటలో అడ్డంకిగా ఉండే ఇసుక గుంటలు, అయ్యాయని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇసుక నేల కాబట్టి వాన ఆగిన కాసేపటికే నీరు ఇంకిపోయి కాలి కింద గట్టిగా ఉంటుంది. బంతి దొర్లడానికి ఇంతకంటే ఏం కావాలి?

1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌ను నిషేధించింది, జనం విలువిద్య సాధన మానేసి ఇది ఆడుతున్నారని. అంటే అప్పటికే ఆట అంత పాకిపోయింది. డిజైనర్లు, బుల్‌డోజర్లు వచ్చింది వందల ఏళ్ల తర్వాత. 1552లో అక్కడి ఆర్చిబిషప్ ఇచ్చిన పత్రం ఒకటుంది. ఆ నేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి జనానిదని అందులో ఉంది. కుందేళ్ల పెంపకం మాట కూడా ఉంది. ఇప్పటికీ అది ఊరి ఉమ్మడి నేలే. మామూలు ఆదివారాల్లో ఓల్డ్ కోర్స్ మీద ఆట ఉండదు, ఊళ్లో వాళ్లు పిల్లల్ని, కుక్కల్ని వెంటబెట్టుకుని అదే గడ్డి మీద నడుస్తారు. నాకు ఈ కోర్సులో అన్నిటికంటే నచ్చేది ఈ సంగతే. ఖరీదైన క్లబ్బు అనుకుని మనం దూరం నుంచి చూసేది, అక్కడ ఊరి మైదానం.

ఇంకో మాట. నికార్సైన లింక్స్ నేల వేసవిలో గోధుమరంగులోకి తిరుగుతుంది. వానల్లేని ఏడాది పైనుంచి తీసిన ఫోటోల్లో పాత దిబ్బల ముడతలన్నీ స్పష్టంగా బయటపడతాయి. నాకైతే అప్పుడే ఆ నేల అందంగా ఉంటుంది. ఏడాదంతా ఒకే ఆకుపచ్చలో మెరుస్తోందంటే అక్కడ నీళ్లు, ఎరువులు గట్టిగా పడుతున్నాయని అర్థం.

ఇప్పుడు నడుస్తున్న చీటీని మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో చూద్దాం.

[తెర మీద: అబర్డీన్‌కు ఉత్తరాన, ఫోవెరన్ లింక్స్]

ఇక్కడ గడ్డి పట్టని ఇసుక దిబ్బలు ఉండేవి. గాలితో పాటు ఏటా కాస్త కాస్త జరిగేవి. శాస్త్రవేత్తలకి విలువైనది ఆ కదలికే, అందుకని ఆ చోటుకి ప్రత్యేక రక్షణ ఉండేది. అక్కడ ట్రంప్ కంపెనీ గోల్ఫ్ కోర్సు 2012లో తెరిచారు. కదిలే ఇసుక మీద ఆట కుదరదు కాబట్టి గడ్డి నాటి దాన్ని నిలబెట్టేశారు. 2020లో స్కాట్లాండ్ ప్రకృతి సంరక్షణ సంస్థ ఆ భాగానికి రక్షణ హోదా తీసేసింది. కాపాడడానికి అక్కడ ఇక ఆ కదలిక మిగల్లేదు. పైనుంచి చూస్తే ఇప్పుడూ చూడముచ్చటగానే ఉంటుంది. చీటీ పుస్తకం అందంగా అట్ట వేసి బీరువాలో పెట్టారు, కట్టడం లేదు, ఎత్తడం లేదు.

[తెర మీద: విశాఖ తీరం, ఉపగ్రహ చిత్రం. దక్షిణం నుంచి ఉత్తరానికి]

ఇక మన ఊరు. ఇక్కడ అన్నీ ఉపగ్రహ చిత్రాలే చూపిస్తున్నాను. మనది నేవీ ఉన్న ఊరు, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు. దయచేసి మీరూ ఎగరేయకండి.

యారాడ, డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, రుషికొండ. తూర్పు కనుమల కొండలు ఇలా ఒక్కొక్కటీ సముద్రం దాకా వచ్చి ఆగాయి. వాటి మధ్య ఒంపుల్లో బీచ్‌లు. ఈ కొండల రాయి ఖొండలైట్, అందులో గార్నెట్ అనే ఎర్రటి ఖనిజం ఉంటుంది. రాయి అరిగి, గెడ్డల్లో కొట్టుకొచ్చి, ఆ గార్నెట్టే బీచ్‌లో గులాబీ రంగు చారలుగా కనిపిస్తుంది. నల్లగా కనిపించే చారలు ఎక్కువగా ఇల్మనైట్ అనే బరువైన ఖనిజం. అల వెనక్కి పోతూ తేలిక రేణువుల్ని తీసుకెళ్తుంది, బరువైన నల్లవి మిగిలిపోతాయి. భీమిలి వైపు ఫోటోలు చూసి అదంతా డ్రైనేజీ నీళ్లు అనుకునేవాళ్లు చాలామంది. కాదు, ఖనిజం.

[తెర మీద: ఎర్రమట్టి దిబ్బలు]

ఇదిగో, ఈ వీడియో చేస్తున్నదే దీని కోసం. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రం పక్కనే ఎర్రమట్టి దిబ్బలు. సుమారు 20 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. ఇవాళ నీటి కింద ఉన్న నేల చాలా మేర ఆరుబయట ఎండుతూ ఉండేది. అంత ఆరిన ఇసుక మీద గాలికి అడ్డేముంది? మోసుకొచ్చి ఇక్కడ పోసింది. తర్వాత సముద్రం మళ్లీ పైకొచ్చింది, ఆ ఇసుక వచ్చిన చోటు మునిగిపోయింది. దిబ్బలు మాత్రం ఒడ్డున మిగిలాయి.

అంటే స్కాట్లాండ్ నేలా, ఇదీ పుట్టింది ఒకే విధంగా. సముద్రం ఇసుకే, గాలి పోసిందే. తేడా వచ్చింది వాతావరణంలో. మన ఎండకీ వానకీ ఇసుకలో ఉన్న ఇనుప ఖనిజాలు తుప్పు పట్టి, ప్రతి రేణువు చుట్టూ ఎర్రటి పూత అయ్యాయి. దిబ్బ కింద వానకు జారిపడిన మట్టి ఒక చిటికెడు అరచేతిలో వేసుకుని, రెండు చుక్కల నీళ్లతో నలిపి చూడండి. ఎరుపు వేళ్లకి అంటుతుంది. ఎండలో దగ్గరగా పెట్టి చూస్తే ఆ పూత కింద తెల్లటి పలుగురాయి రేణువు కనిపిస్తుంది, మీరు బీచ్‌లో తొక్కి వచ్చిన ఇసుక లాంటిదే. చూశాక అక్కడే వదిలేసి రండి.

మన వాన సన్న జల్లు కాదు, కుమ్మరిస్తుంది. అందుకే ఈ దిబ్బలు మెత్తటి ఒంపులుగా నిలవలేదు. చిట్టిగెడ్డ, పెద్దగెడ్డ లాంటి వాగులు, వాటి పిల్ల కాలువలు కోసుకుంటూ పోయి నిట్టనిలువు గోడలు చేశాయి. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1886లోనే వీటి గురించి రాశారు. 2014లో భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి.

ఇప్పుడు మళ్లీ చీటీ లెక్కకి రండి. ఆర్‌కే బీచ్ ఇసుక నడుస్తున్న చీటీ, ఇవాళ పోయినా రేపు ఎంతో కొంత వస్తుంది. ఎర్రమట్టి దిబ్బలు 12 వేల ఏళ్ల కిందటే ముగిసిపోయిన చీటీ. అందులో వాయిదా కట్టేవాళ్లు ఇక లేరు. సముద్రం ఆ ఇసుకను మళ్లీ తేలేదు, గాలి మళ్లీ పోయలేదు, ఎరుపెక్కడానికి కావాల్సిన వేల ఏళ్లు మన దగ్గర లేవు. 2024లో అక్కడ యంత్రాలతో తవ్వకాలు జరుగుతున్నాయని ఊళ్లో పెద్ద గొడవే అయింది. ఆ గొడవ న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ ఒక లారీ మట్టి పోయిందంటే పోయినట్టే. "చదును చేసి గడ్డి వేస్తే బాగుంటుంది" అనేవాళ్లు ఈ ఒక్క ముక్క అర్థం చేసుకుంటే చాలు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

[తెర మీద: ఔటర్ హార్బర్]

నైరుతి గాలుల కాలంలో అలలు మన ఒడ్డు వెంట ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది, మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. పోర్టు రాతి గట్లు ఈ దారికి అడ్డం. దక్షిణం గట్టు దగ్గర ఇసుక ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్‌కే బీచ్‌కి వాయిదా అందదు. అందుకే అక్కడి ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఇటు పోస్తుంటారు. పోర్టు ఉండాల్సిందే, అందులో వాదన లేదు. అది ఉన్నంత కాలం ఆ వాయిదా మనమే కట్టాలి, మానితే సముద్రం బీచ్ రోడ్డు దాకా వస్తుంది.

పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సు సంగతి అడుగుతారని తెలుసు. కాలిఫోర్నియాలో 1919లో తెరిచారు, చాలా అందమైనదే. కానీ అది రాతి గట్టు మీద ఉన్న కోర్సు, దిబ్బల నేల కాదు. రెండూ సముద్రం పక్కనే ఉన్నాయని ఒకే గాటన కట్టకండి.

స్కాట్లాండ్‌లోనే మాంట్రోజ్ అని ఇంకో పాత లింక్స్ ఉంది. అక్కడ 30 ఏళ్లలో సముద్రం 70 మీటర్ల దాకా లోపలికి వచ్చింది. కోర్సులో కొంత భాగాన్ని వెనక్కి జరుపుకోవాల్సి వచ్చింది. గోల్ఫ్ ఉన్నంత మాత్రాన తీరం నిలబడదు.

చట్టం సంగతి. తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం ఇసుక దిబ్బలు అన్నిటికంటే సున్నితమైన విభాగంలోకి వస్తాయి, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లతో పాటు. మన బీచ్‌ల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయని మీకు తెలిసిందే.

గోల్ఫ్ కావాలంటే ముడసర్లోవ దగ్గర కోర్సు ఉంది, కొండల కింద, ఎర్ర నేల మీద. ఆడేవాళ్లకి అది చాలు.

ఇక మీరు చేయాల్సింది ఒకటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు చూసే సౌకర్యం ఉంది కదా, తెరిచి ముందు భీమిలి దగ్గర గోస్తనీ మొగ చూడండి. నది నోటి దగ్గర ఇసుక తిన్నె ఏ ఏడాది ఎటు పెరిగిందో, ఎక్కడ తెగిందో వరసగా చూడండి. తర్వాత ఔటర్ హార్బర్‌కి రెండు పక్కలా ఒడ్డు ఎక్కడుందో పోల్చండి. చివరిగా ఎర్రమట్టి దిబ్బల అంచులు చూడండి, రోడ్లు, లేఅవుట్లు ఏ ఏడాది ఎంత దగ్గరికి వచ్చాయో. మీకు కనిపించిన తేడాను ఏడాదితో సహా కింద రాయండి. బాగా తేడా ఉన్న చోట్లు తీసుకుని వచ్చే వీడియోలో పక్కపక్కన పెట్టి చూపిస్తాను.