ఫోన్ లాక్కునే ముందు

యాంకర్: శ్రోతలకు నమస్కారం. వీడియో గేములు పిల్లల మనసు మీద ఏం చేస్తాయన్నది ఈ రోజు అంశం. మీ ప్రశ్నలకు సైకాలజిస్టు మేడమ్ జవాబులు చెబుతారు. మొదటి కాల్ విజయవాడ నుంచి. చెప్పండమ్మా.

తల్లి: నమస్కారం మేడమ్. మావాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. వాడి చదువు కోసమే ఊరొదిలి ఇక్కడ ఇల్లు తీసుకున్నాం. రాత్రి రెండయినా ఫోన్లో బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతూనే ఉంటాడు. మొన్న వాళ్ల నాన్న వైఫై ఆపేస్తే కంచం విసిరికొట్టాడండి. అలాంటి పిల్లాడు కాదు.

సైకాలజిస్టు: అప్పుడు ఆట మధ్యలో ఉన్నాడా?

తల్లి: ఉన్నట్టే ఉన్నాడు. ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

సైకాలజిస్టు: ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుందమ్మా. నలుగురు జట్టుగా ఆడతారు. మధ్యలో ఒకడు పోతే మిగతావాళ్లు తిడతారు, వీడి పాయింట్లు పోతాయి. కంచం విసరడం తప్పే, ఆ మాట వాడికి చెప్పాల్సిందే. అంతమాత్రాన పిల్లాడు చెడిపోయాడనుకోవద్దు. "ఈ మ్యాచ్ అవగానే ఆపెయ్ నాన్నా" అనండి, ఇంకోటి మొదలెట్టకుండా చూడండి. సరే, ఊళ్లో కూడా ఇంతే ఆడేవాడా?

తల్లి: లేదండి. టెన్త్‌లో స్కూల్ ఫస్టు. సాయంత్రాలు క్రికెట్టుకి పోయేవాడు. ఇక్కడ దసరా సెలవులయ్యాక కింది సెక్షన్‌లో వేశారు. అప్పట్నుంచే ఈ ఆట.

సైకాలజిస్టు: సెక్షన్ మారినప్పుడు వాడికెలా ఉందో అడిగారా?

తల్లి: ...ఇంత ఫీజు కట్టామే అనే మాట్లాడుకున్నామండి.

సైకాలజిస్టు: ముందు అది అడగండమ్మా. ఇన్నేళ్లూ ఫస్టు వచ్చినవాడు ఒక్కసారిగా కింది సెక్షన్‌కి వచ్చాడు. స్నేహితులేమో ఊళ్లో ఉండిపోయారు. గేములో గోల్డ్, డైమండ్, క్రౌన్, ఏస్ అని మెట్లుంటాయి. ఎంత ఎక్కాడో రోజూ కనబడుతుంది, జట్టులో వాళ్లు భలే ఆడావంటారు. కాలేజీలో పోయిన ర్యాంకు అక్కడ దొరుకుతోంది. ఫోన్ ఒక్కటే తీసేస్తే ఆ బాధ ఎక్కడికి పోతుంది?

తల్లి: మరి ఇది అడిక్షన్ కాదా మేడమ్?

సైకాలజిస్టు: ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ రుగ్మతను జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఆడిన గంటలు లెక్కపెట్టి తేల్చరు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, అన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆడుతూనే ఉండటం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. మీవాడికి ఇప్పుడే ఆ పేరు పెట్టొద్దు. నా దిగులంతా నిద్ర గురించే. ఈ వయసులో 8 గంటలైనా పడుకోవాలి. రెండింటికి పడుకుని ఆరింటికి లేస్తే చిరాకు, దిగులు, చదివింది గుర్తుండకపోవడం నిద్ర చాలకే వస్తాయి. రాత్రి పదిన్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టండి. మీ ఆయనది కూడా.

తల్లి: ఆయన ఒప్పుకోవాలిగా!

సైకాలజిస్టు: ఒప్పించండమ్మా, లేకపోతే వాడు వినడు. ఆదివారం ఊరికి పంపండి, ఆడుకుని వస్తాడు. తిండి మానేసినా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

యాంకర్: వరంగల్ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు.

తండ్రి: నమస్తే మేడమ్. మా బాబు ఎయిత్ క్లాస్. ఎప్పుడు చూసినా ఫోన్ల తుపాకులు కాల్చుడే. రేపు నిజంగనే కొట్లాటలకు పోతడేమోనని భయమైతుంది.

సైకాలజిస్టు: అలా తేల్చి చెప్పడానికి తగిన ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పిందండి. అరవడం, తోసుకోవడం లాంటి దూకుడుతో మాత్రం కొద్దిపాటి సంబంధం ఉందంది. ఇంతకీ మీ యూపీఐ పిన్ బాబుకి తెలుసా?

తండ్రి: తెలుసు మేడమ్. కిరాణా సామానుకు వాడే కొడతడు.

సైకాలజిస్టు: ఇవాళే మార్చండి. ఇలాంటి గేముల్లో డబ్బు కట్టి తెరిచే పెట్టెలుంటాయి. ఏమొస్తుందో ముందు తెలియదు, ఎప్పుడో ఒకసారి మంచిది తగులుతుంది. ఆ ఎప్పుడో ఒకసారి కోసమే పిల్లలు మళ్లీ మళ్లీ కడతారు. జూదం పట్టేసేదీ ఇలాగే. పాత చెల్లింపులు తీసి చూడండి, బాబును పక్కన కూర్చోబెట్టుకునే చూడండి. ఏమైనా కనబడితే కొట్టకండి, దేనికి కట్టాడో వాడి నోటితోనే చెప్పనివ్వండి.

తండ్రి: సరే మేడమ్. ఇప్పుడే చూస్త.