మీ మార్పు తెల్లారేసరికి మాయమైందా? తెలుగు వికీపీడియాకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం

[తెర మీద: ఫోన్‌లో తెలుగు వికీపీడియా మొదటి పేజీ. వేలు కిందకి జరుపుతుంటుంది.]

నమస్తే అండీ. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. తెలుగు వికీపీడియాలో రాద్దామని ఉత్సాహంగా వచ్చి, రెండోరోజే "మనకెందుకులే" అని మానేసినవాళ్ల కోసం ఈ వీడియో. ఇంకా మొదలుపెట్టనివాళ్లు కూడా చూడొచ్చు, ముందే తెలిస్తే మంచిదే.

మానేయడం ఎలా జరుగుతుందో చెప్తాను. రాత్రి అన్నం తిన్నాక కూర్చుని, తెలిసిన ఊరి పేజీలోనో తెలిసిన మనిషి పేజీలోనో ఒక మార్పు చేస్తారు. పొద్దున్నే చూస్తే అది ఉండదు. ఎవరో రద్దు చేసేశారు. ఇక ఒళ్లు మండుతుంది. "ఎవరైనా రాయొచ్చన్నారు, తీరా రాస్తే తీసేస్తారా? ఇదేదో నలుగురు కలిసి పెట్టుకున్న సొంత వ్యవహారం" అనుకుంటారు.

ఒక్క ఉదాహరణ తీసుకుని నిదానంగా చూద్దాం. గుర్రం జాషువా పేజీలో "గుంటూరు జిల్లా వినుకొండలో జన్మించాడు" అని ఉందనుకోండి. మీది నరసరావుపేట. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పల్నాడు జిల్లా వచ్చింది, వినుకొండ అందులోకి వెళ్లింది. ఈ సంగతి మీకు బాగా తెలుసు. వెంటనే గుంటూరు తీసేసి పల్నాడు అని పెట్టి, ప్రచురించు నొక్కేశారు.

[తెర మీద: పేజీ చరిత్ర. ఒక్కో మార్పు పక్కన ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో అంకెలు. ఒకదాని పక్కన మాత్రం సున్నా.]

ప్రతి పేజీకీ "చరిత్ర" అని ఒకటి ఉంటుంది. ఎవరు, ఏ నిమిషాన, ఏం మార్చారో మొత్తం అక్కడ ఉంటుంది. మీ మార్పు పక్కన సున్నా కనిపిస్తోంది చూశారా? మీరేమీ చెయ్యనట్టే ఉంది. అదేం లేదు. వికీ ఇక్కడ లెక్కపెట్టేది బైట్లని, అంటే రాసింది కంప్యూటర్లో ఎంత చోటు పట్టిందో ఆ కొలత. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి మూడేసి బైట్లు. "గుంటూరు"కి 21, "పల్నాడు"కి కూడా 21. పెరగలేదు, తగ్గలేదు. జిల్లా మారినా లెక్క మారలేదన్నమాట.

సరే, దాని పైన ఇంకో వరుస ఉంది. ఎవరో మీ మార్పుని రద్దు చేశారు. మీరు చెయ్యాల్సింది ఆ వరుసని చదవడం. పక్కన చిన్న అక్షరాల్లో కారణం రాసి ఉంటుంది. రాయలేదా? అప్పుడు పైనున్న "చర్చ" నొక్కి అడగండి. చాలామందికి ఈ చర్చ పేజీ అనేది ఒకటుందనే తెలియదు. నన్నడిగితే వికీపీడియా అసలు నడిచేది అక్కడే, మనకి పైకి కనిపించే వ్యాసం అక్కడ తేలిన మాట మాత్రమే.

[తెర మీద: చర్చ పేజీ నమూనా. ఒక్కో వ్యాఖ్యా కొద్దిగా లోపలికి జరిగి కనిపిస్తుంది.]

ఇలా సాగుతుంది అనుకుందాం.

కొత్త వాడుకరి: నమస్తే అండీ. వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది కదా. నా మార్పు ఎందుకు రద్దు చేశారు?

పాత వాడుకరి: ఊరి పేజీలో అయితే మీ మార్పు కరెక్టేనండీ. ఇది ఆయన పుట్టుక గురించిన వాక్యం. ఆయన 1895లో పుట్టాడు, అప్పటికి పల్నాడు జిల్లా లేదు.

మూడో వాడుకరి: ఆ మాటకొస్తే గుంటూరు జిల్లా కూడా లేదండీ! అది ఏర్పడింది 1904లో. అంతకుముందు వినుకొండ కృష్ణా జిల్లా కిందే ఉండేది.

చూశారా. పాతాయన కూడా పూర్తిగా కరెక్టు కాదు. మీరు అడక్కపోతే ఆ మూడో మనిషి నోరు విప్పేవాడే కాదు, పేజీలో తప్పు అలాగే ఉండిపోయేది. చివరికి వాక్యం "1895 సెప్టెంబరు 28న అప్పటి కృష్ణా జిల్లా, ప్రస్తుత పల్నాడు జిల్లా వినుకొండలో జన్మించాడు" అని తయారవుతుంది. కింద ఒక మూలం చేరుతుంది. మూలం అంటే ఆ సంగతి ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో చెప్పడం. "మాది ఆ ఊరే, నాకు తెలుసు" అనేది ఇక్కడ చెల్లదు. కాస్త చిరాగ్గానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఊరివాళ్లే ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఎవరి మాట ఉంచాలి?

రెండో గొడవ ఇంతకన్నా పెద్దది. "జన్మించాడు" ఏంటండీ, అంత పెద్దాయన్ని పట్టుకుని! కృష్ణా, గుంటూరు మనుషులం, పాలు పోసే అబ్బాయిని కూడా అండీ అని పిలుస్తాం. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది మొట్టమొదట చేసే పని, "జన్మించాడు"ని "జన్మించారు" చెయ్యడం, పేరు చివర గారు తగిలించడం. ఇదీ రద్దవుతుంది. తెలుగు వికీపీడియాలో వ్యాసాల్లో అందరికీ ఏకవచనమే వాడతారు, అది అక్కడివాళ్లు పెట్టుకున్న పద్ధతి. గౌరవం ఎవరికి ఇవ్వాలి, ఎవరికి అక్కర్లేదు అని కూర్చుని తేల్చడం మొదలెడితే రోజూ కొట్లాటే. అదే చర్చ పేజీకి వెళ్లండి, ఇరవయ్యేళ్ల కుర్రాడినైనా, రిటైరైన మాస్టారినైనా గారు అనే పిలుస్తారు. నాకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. నచ్చనివాళ్లూ ఉన్నారు, వాళ్లు రచ్చబండలో అడగొచ్చు. రచ్చబండ అంటే ఏ ఒక్క వ్యాసానికీ చెందని సంగతులు మాట్లాడుకునే పేజీ.

[తెర మీద: గంట గుర్తు మీద ఎర్రచుక్క. నొక్కితే స్వాగత సందేశం.]

ఖాతా తెరిచి ఒకటి రెండు మార్పులు చేశాక, మీ పేరుతో ఉన్న చర్చ పేజీలో ఎవరో ఒకరు స్వాగతం చెప్తారు. పొడుగ్గా, బోలెడు లింకులతో ఉంటుంది. అన్నీ చదవక్కర్లేదు. కింద పేరు చూడండి చాలు. అది పెట్టిన మనిషి మీరు నేరుగా అడగదగ్గ మనిషి అన్నమాట. ఆ సందేశం కిందే రాసి అడిగేయండి, మొహమాటం వద్దు. "నిర్వాహకులు" అనే మాట చూసి ఆఫీసరనుకోకండి. పేజీల్ని తొలగించడం, చెడగొట్టేవాళ్లని ఆపడం లాంటి కొన్ని పనులకి సముదాయం అధికారం ఇచ్చిన మామూలు వాడుకరులే. జీతాలేం లేవు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టినప్పటి నుంచీ ఇంతే. పదేళ్ల పండగ 2014 ఫిబ్రవరిలో మన విజయవాడలోనే చేసుకున్నారు. తెర వెనక పేర్లన్నీ ఆరోజు మనుషులై కనిపించాయి.

మన ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. పుస్తకాల ఊరు కదా. ఊరి చరిత్రో, తాతగారి జీవితమో ఎప్పుడో డీటీపీ చేయించి పెట్టుకుని ఉంటారు. ఆ ఫైలు తెరిచి కాపీ చేసి వికీలో పెడితే తెలుగంతా పోయి, ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఫైలు పాడవలేదు, కంగారు పడకండి. అది అను ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంటు లేనిచోట తెలుగు కనిపించదు. వికీకి యూనికోడ్ కావాలి, అంటే మనం ఫోన్లో టైపు చేసే మామూలు తెలుగు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకోవాలి, అక్కడక్కడా ఎగిరిపోతాయి.

ఇక్కడే ఇంకో మాట. పేపర్లో వచ్చిన జిల్లా పేజీ వార్తని ఉన్నదున్నట్టు దింపకూడదు, దాని మీద కాపీరైట్ హక్కు వాళ్లది. చదివి, మీ మాటల్లో రాసి, ఆ వార్తని మూలంగా చూపించండి. పాత పుస్తకమైతే మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, ఆ లెక్క చూసుకోవాలి. "ప్రజల గుండెల్లో కొలువైన", "విద్యాదాత" లాంటి మాటలు బెంజి సర్కిల్లో ఫ్లెక్సీ మీద బాగుంటాయి, వ్యాసంలో ఒక్కరోజు కూడా నిలవవు. మీ గురించి మీరే పేజీ పెట్టుకోవడం కూడా అంతే, వదిలేయండి. మీ కోచింగ్ సెంటర్ గురించి అసలే వద్దు.

పాతవాళ్లు ఎవరైనా చూస్తుంటే మీకూ ఒక ముక్క. రద్దు చేసేటప్పుడు కారణం రాయడానికి పది సెకన్లు పడుతుంది. రాయండి. జాషువా పేజీలో పల్నాడు అని మార్చిన మనిషి దుర్మార్గుడేం కాదు కదా.

[తెర మీద: "ప్రయోగశాల" పేజీ. ఎవరో ఒక వాక్యం టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేస్తున్నారు.]

చేతులు వణుకుతుంటే ముందు ప్రయోగశాలలో రాయండి. అక్కడ ఏం రాసినా ఎవరూ ఏమనరు. టెన్షన్ తగ్గాక ఒక ఊరి పేజీ పట్టుకోండి. మొదటిది చిన్నదైతే మేలు: మండలం పేరు, జిల్లా పేరు, ఒక అచ్చుతప్పు. అమరావతి జోలికి మాత్రం మొదటిరోజే వెళ్లకండి. అమరేశ్వరాలయం, స్తూపం ఉన్న పాత ఊరు పల్నాడు జిల్లాలో ఉంది. తుళ్లూరు వైపు కడుతున్న రాజధాని గుంటూరు జిల్లాలో ఉంది. ఏ పేజీలో ఉన్నారో చూసుకోకుండా జిల్లా మార్చారంటే ఇందాకటి కథే మళ్లీ.

రాయడం ఇష్టం లేకపోతే ఫొటోలున్నాయి. ఉండవల్లి గుహలకో కొండపల్లి కోటకో ఎలాగూ వెళ్తారు. మీరు తీసిన ఫొటో అయితే వికీమీడియా కామన్స్‌లోకి, అంటే వికీపీడియాలో వాడే ఫొటోలు దాచే సైటులోకి, ఎక్కించొచ్చు. వాట్సాప్‌లో వచ్చిందైతే వద్దు, ఎంత బాగున్నా సరే. చర్చ పేజీలో అడిగిందానికి రెండ్రోజులైనా జవాబు రాకపోతే, అదే ప్రశ్న రచ్చబండలో పెట్టండి. అక్కడ చూసేవాళ్లు ఎక్కువ.