ఇత్తడి సర్పాన్ని పగలగొట్టిన రాజు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

"పాతవి విడిచిపెట్టండి" అనగానే మనకు గుర్తొచ్చేవి తాగుడు, పేకాట, బూతులు. ఆ ప్రసంగం మీరు చాలాసార్లు విన్నారు. ఎఫెసులో మాంత్రిక విద్య మానేసినవాళ్లు తమ పుస్తకాలు తెచ్చి అందరి ముందు కాల్చేశారు. వాటి వెల 50,000 వెండి రూకలయిందని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. మీలో చాలామంది అలా కాల్చాల్సినవి ఎప్పుడో కాల్చేశారు. అయినా ఎదుగుదల ఎక్కడో ఆగిపోయింది. దేవుడిచ్చిన పాత మేలుల దగ్గరే మనం ఆగిపోతున్నామని నా అభిప్రాయం.

యూదా రాజు హిజ్కియా సంగతి చూడండి. రెండవ రాజులు 18వ అధ్యాయం. ఇరవై ఐదేళ్లకు రాజయ్యాడు. ఉన్నత స్థలాలు, అంటే కొండల మీది పూజాస్థలాలు కొట్టేశాడు, విగ్రహాలు పగలగొట్టాడు. అంతవరకు భక్తిపరులెవరికీ బాధ ఉండదు. ఆ తర్వాత మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని కూడా ముక్కలు చేశాడు. అది ఎవరో అన్యులు తెచ్చిన బొమ్మ కాదండీ. దేవుడు చెయ్యమంటేనే మోషే చేశాడు. అరణ్యంలో పాము కరిచినవాళ్లు దానివైపు చూసి బతికారు. తాను సిలువ మీద ఎత్తబడే సంగతి యూదుల అధికారి నీకొదేముకు చెప్పడానికి యేసుప్రభువు కూడా దాన్నే తీసుకున్నాడు. అంత మంచి వస్తువు! కానీ పాములు పోయి వందల ఏళ్లు దాటినా జనం దానికి ధూపం వేస్తూనే ఉన్నారు. హిజ్కియా దాన్ని పగలగొట్టిన రోజు యెరూషలేములో ఎంతమంది పెద్దలు నొచ్చుకుని ఉంటారో నేను ఊహించగలను. "మా తాతలు దీన్ని చూసే బతికారయ్యా" అని ఉంటారు. ఆ మాట నిజమే కూడా.

మన దగ్గరికి వద్దాం. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందు ఘోరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కానీ అన్నం కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. జాతరలకు డప్పు కొట్టబోమన్నందుకు ఊరి పెద్దల కోపం భరించినవాళ్లు వాళ్లలో ఉన్నారు. తాతముత్తాతల నాటి కట్టుబాటునే వదులుకున్న మనుషులు!

ఇప్పుడు వాళ్ల మునిమనవలం లేచి నిలబడి ఏం చెప్తున్నాం? "మాది ఐదు తరాల క్రైస్తవ కుటుంబం." చెప్పుకోండి, తప్పులేదు. కానీ ఆ తాత విడిచిపెట్టినవాడు. మనం ఆ తాతను పట్టుకుని కూర్చున్నాం.

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసేటప్పుడు తన గొప్పల జాబితా మొదలుపెట్టింది సరిగ్గా ఇక్కడే. ఎనిమిదవ దినాన సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం. అంటే పుట్టుక, కుటుంబం. ఆ జాబితాలో సిగ్గుపడాల్సిన పనులకంటే గర్వపడే సంగతులే ఎక్కువ. వాటినే నష్టంగా ఎంచుకున్నానంటాడు. ఆ తర్వాతే "వెనుక ఉన్నవి మరచి ముందున్న వాటికొరకై వేగిరపడుచు" అంటాడు. ఒకప్పుడు తాను సంఘాన్ని హింసించిన సంగతి మాత్రం ఆయన తిమోతికి రాసేనాటికి కూడా మర్చిపోలేదు, దాన్ని చెప్పే దేవుని కనికరాన్ని చూపించాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. భర్త పోయిన మనిషి దగ్గరికి వెళ్లి "వెనుక ఉన్నవి మరచిపో అమ్మా" అనకండి. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడబిడ్డకు ఈ వాక్యం చూపించి సర్దుకుపొమ్మని చెప్పకండి. పౌలు పక్కన పెట్టింది తన గొప్పలను. ఇంకొకరి గాయాన్ని మూసిపెట్టడానికి ఆ మాట వాడితే అది వాక్యాన్ని వంచడమే.

ఎజ్రా 3వ అధ్యాయంలో యెరూషలేములో కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు, కూలిపోయిన మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు గట్టిగా ఏడ్చారు. పక్కన మిగతావాళ్లు సంతోషంతో కేకలు వేస్తున్నారు. ఏది ఏడుపో ఏది సంతోషమో తెలియలేదట. మన సంఘాల్లోనూ అదే గోల. కీబోర్డు వచ్చింది కాబట్టి ఆత్మ వెళ్లిపోయాడనేవారు ఒకవైపు, కీబోర్డు లేకపోతే ఆరాధనే కాదనేవారు ఇంకోవైపు. ఇద్దరిదీ ఒకే జబ్బు. ఆ వృద్ధుల ఏడుపును నేను తప్పుపట్టను, వాళ్లు చూసింది గొప్పదే. కానీ ఆ మందిరం ఇక లేదు. పునాది మీద గోడ లేవాలి, అందుకు వాళ్ల చేతులు కూడా కావాలి.

ఇప్పుడు సాక్ష్యాల సమయం. ఈరోజుకి ఒక చిన్న నియమం పెడుతున్నాను. రక్షణ పొందిన రోజు గురించి, జ్వరం తగ్గిన ఏడాది గురించి మేం వినే ఉన్నాం, దేవునికి స్తోత్రం. ఈరోజు మాత్రం ఈ ఆరు నెలల్లో జరిగినదే చెప్పండి. ఏమీ లేకపోతే మొహమాటం లేకుండా "ఏమీ లేదు" అనండి. అలా చెప్పినవారి కోసం ముందు ప్రార్థన చేద్దాం. యౌవనస్థులు కాదు, ముందు వరుసలో ఉన్న పెద్దలే మొదలుపెట్టాలి.